విషశాస్త్రంలో స్నాతకోత్తర శిక్షణ: పురుగు దగ్గరే ఆగిపోయిన పాఠం

కొన్నేళ్ల క్రితం ఒక యాసంగిలో, కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ చేస్తున్న విద్యార్థిని ఒకరు వరిలో పురుగుమందుల వాడకంపై వివరాలు సేకరించడానికి పెగడపల్లి మండలంలో తిరుగుతున్నారు. సాయంత్రం పూట ఒక కూలీ మందు కొట్టడం ముగించి గట్టు మీదికి వచ్చి, ఆమెను డాక్టరమ్మ అనుకున్నాడో ఏమో, "బిడ్డా, మొఖమంత సుర్రుమంటున్నది. దవాఖానకు పోవాల్నా, వద్దా?" అని అడిగాడు. విషశాస్త్రం పేపరులో ఆమెకు తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ప్రోబిట్ విశ్లేషణ ఆమెకు కొట్టినపిండి. అయినా ఆ ప్రశ్నకు ఆమె దగ్గర సమాధానం లేదు. నాకు ఫోన్ చేశారు. సేద్యవిభాగంలో పాతికేళ్లకు పైగా పాఠాలు చెప్పిన నా దగ్గరా లేదు.

నేను తెలిసిన వైద్యుడొకరిని అడిగాను. ఆయన మూడే ప్రశ్నలు వేశారు. కంటిపాపలు చిన్నవయ్యాయా? నోట్లో నీరూరడం, చెమటలు, వాంతులు ఉన్నాయా? సీసా మీద ఏమి రాసి ఉంది? పాపలు మామూలుగానే ఉన్నాయి, చొంగ లేదు, సీసా లాంబ్డా సైహలోత్రిన్‌ది. సింథటిక్ పైరిథ్రాయిడ్ చర్మానికి తగిలితే అక్కడి నాడీకొసలు ఉత్తేజితమై మంట, తిమ్మిరి పుడతాయి. సబ్బుతో కడిగి, బట్టలు మార్చి, కనిపెట్టి ఉంటే సాధారణంగా ఒక రోజులో తగ్గుతుంది. అదే సీసా ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిపిన మందుది అయి ఉంటే కథ వేరు. అందులోని ఆర్గానోఫాస్ఫేట్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తుంది. లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా ముదరవచ్చు. అట్రోపిన్ అందుబాటులో ఉన్న దవాఖానకు వెంటనే తరలించాలి. ఒకే మంట వెనుక రెండు వేర్వేరు దారులున్నాయి. ఏ దారి పట్టాలో చెప్పగలగడమే విషశాస్త్రం. మన శిక్షణ ఆ కొస వరకు పోవడం లేదన్నది ఈ వ్యాసంలో నా వాదన.

పాఠ్యప్రణాళికలో ఉన్నదేమిటి?

కీటకశాస్త్ర స్నాతకోత్తర ప్రణాళికలో కీటకనాశినుల విషశాస్త్రం ఒక కోర్సు. రెండు క్రెడిట్లు బోధన, ఒకటి ప్రయోగశాల. అందులో మందుల వర్గీకరణ, అవి పనిచేసే తీరు, ఎల్.డి.50 నిర్ధారణ, నిరోధకశక్తి, అవశేషాలు అన్నీ ఉన్నాయి. మంచి కోర్సే. కాని ప్రయోగశాలలో ఎల్.డి.50 లెక్క కట్టేది పొగాకు లద్దెపురుగుకో పిండిపురుగుకో. పంపు మోసే మనిషి సిలబస్ చివరి యూనిట్‌లో "జాగ్రత్తలు" అనే ఒక్క పదం కింద సర్దుకుంటాడు. కలుపునాశినులు బోధించే మా సేద్యవిభాగంలో ఆ మాత్రమూ లేదు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు కలుపు ప్రయోగాలకు 2,4-డి ని ఉత్త చేతులతోనే కొలిచి పోశాను. వద్దని ఎవరూ అనలేదు. అడగాలని నాకూ తోచలేదు.

హైదరాబాదులో ఈ విద్యకు కొరత ఉన్నదని కాదు. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ పురుగుమందుల నాణ్యత, అవశేషాల విశ్లేషణలో శిక్షణ ఇస్తుంది. మందుల డీలర్లకు 12 వారాల ధ్రువపత్ర కోర్సూ దానిదే. బాలానగర్‌లోని నైపర్‌లో ఔషధశాస్త్రం, విషశాస్త్రంలో స్నాతకోత్తర విద్య ఉన్నది. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ ఇదే జంట శాఖ ఉన్నది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ పక్కపక్కనే ఉన్నాయి. మన విశ్వవిద్యాలయంలోనే అఖిల భారత పురుగుమందుల అవశేషాల పథకపు ప్రయోగశాల పనిచేస్తున్నది. కాని ఒకరు ఎలుకను, ఒకరు పశువును, ఒకరు పళ్లెంలోని అన్నాన్ని, ఒకరు సీసాలోని నాణ్యతను చూస్తారు. పొలంలో నిలబడి వీటన్నిటినీ కలిపి చూడవలసినవాడు విస్తరణాధికారి. ఐదువేల ఎకరాల క్లస్టరుకు ఒక్కరుగా ఉన్న ఆ ఏఈవోకు ఈ విద్యల్లో ఏదీ కోర్సుగా అందలేదు.

విషస్వభావం వేరు, ముప్పు వేరు

ఈ భేదం విద్యార్థులకు నిర్వచనంగా తెలుసు. లెక్కగా తెలియదు. కాబట్టి తరగతిలో నేను చేయించే లెక్క ఒకటి ఇక్కడ చెబుతాను, మందు ఊహాత్మకమైనదే. జంతుపరీక్షల్లో ఏ దుష్ప్రభావమూ కనిపించని గరిష్ఠ మోతాదు కిలో శరీరబరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము అనుకుందాం. జంతువుకూ మనిషికీ మధ్య తేడాకు పది, మనిషికీ మనిషికీ మధ్య తేడాకు పది, మొత్తం 100తో భాగిస్తే రోజువారీ ఆమోదయోగ్య మోతాదు 0.01 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి రోజుకు 0.6 మిల్లీగ్రాములు. బియ్యంలో కిలోకు 1 మిల్లీగ్రాము అవశేషం ఉండి, అతడు రోజుకు 400 గ్రాముల బియ్యం తింటే లోపలికి పోయేది 0.4 మిల్లీగ్రాములు. అంటే పరిమితిలో మూడింట రెండువంతులు అన్నంతోనే ముగిసింది. కూర, పప్పు ఇంకా లెక్కలోకి రానేలేదు. రోజుకు గుప్పెడు బియ్యం తినే దేశపు ఆహార అలవాట్లతో వేసిన అంచనా కరీంనగర్, జగిత్యాల పళ్లేనికి ఎందుకు సరిపోదో విద్యార్థికి అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు అదే మందు 36 శాతం ద్రవరూపంలో సీసాలో ఉన్నదనుకుందాం. మూత తీసి ట్యాంకులో పోసేటప్పుడు ముంజేతి మీద ఒక్క మిల్లీలీటరు ఒలికింది. అందులో సుమారు 360 మిల్లీగ్రాముల విషం ఉన్నది. 1971లో కాలిఫోర్నియాలో మైబాక్ బృందం పారాథియాన్‌తో మనుషులపై జరిపిన ప్రసిద్ధ అధ్యయనంలో ముంజేతి చర్మం గుండా పీల్చుకున్నది 8.6 శాతం. ఆ లెక్కన 31 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. ఆహారపు పరిమితికి ఇది 50 రెట్లు. వృత్తిలో సోకే మోతాదుకు ప్రమాణాలు వేరుగా ఉంటాయి, మందును బట్టి చర్మం పీల్చుకునే శాతమూ మారుతుంది; పోలిక కోసమే చెబుతున్నాను. లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల చొప్పున కలిపిన ద్రావణం నుంచి అంతే విషం ఒంటిమీద పడాలంటే అర లీటరు పడాలి. మనం మాత్రం గాలివాలు గురించి గంట చెప్పి, మూత తీసే నిమిషం గురించి చెప్పడం మరచిపోతాం. మందు కలిపేది చాలాచోట్ల ఇంటి ఆడవారో, నీళ్లు మోసే పిల్లలో అన్న సంగతి కూడా అందులోనే మరుగున పడుతుంది.

అదే అధ్యయనంలో పొట్ట చర్మం 18 శాతం, నుదురు 36 శాతం, చంక 64 శాతం పీల్చుకోగా, వృషణాల చర్మం దాదాపు పూర్తిగా పీల్చుకున్నది. వీపు మీద కారే పంపు ఎక్కడెక్కడ తడుపుతుందో, తడిసిన లుంగీతో మనిషి ఎన్ని ట్యాంకులు కొడతాడో చూసినవారికి ఈ అంకెల అర్థం వేరే చెప్పనక్కరలేదు. చేతి తొడుగుల కంటే ముందు పంపు వాషరు మార్చమని చెప్పవలసి ఉన్నది. డ్రోన్ వచ్చింది కదా అనేవారున్నారు. డ్రోన్‌లో ఎకరాకు పది లీటర్ల నీటితోనే పని జరుగుతుంది. మనిషి చేను బయటికి వచ్చిన మాట నిజమే. కాని అతడు నింపే ద్రావణం అన్ని రెట్లు చిక్కనైనది.

త్రికోణం చెప్పని సంగతి

1958లో కేరళలో పారాథియాన్ కలిసిన ఆహారం తిని వందమందికి పైగా మరణించిన తరువాతనే మన దేశంలో క్రిమిసంహారక మందుల చట్టం 1968, నియమావళి 1971 వచ్చాయి. సీసా మీది ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ నియమావళి ఇచ్చినవే. నోటి ద్వారా ఎల్.డి.50 కిలోకు 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. ఇది పరీక్షలో తప్పనిసరిగా వచ్చే ప్రశ్న. అయితే ఈ రంగులు ఎలుక ఎంత మోతాదుకు చనిపోతుందో చెబుతాయి. మనిషి ఎలా చనిపోతాడో చెప్పవు. గడ్డి మందుగా అమ్ముడయ్యే పారాక్వాట్‌ది పసుపు త్రికోణం. ఒక గుక్క మింగితే చాలు, ఊపిరితిత్తులు రోజుల తరబడి గట్టిపడుతూ పోతాయి; విరుగుడు లేదు; ఆక్సిజన్ ఇవ్వడం సైతం హానిని పెంచగలదు. ఎరుపు రంగు ఆర్గానోఫాస్ఫేట్‌కు కనీసం అట్రోపిన్ ఉన్నది. రంగులు కంఠస్థం చేసిన విద్యార్థి ఈ రెండింటిలో పసుపుదే తక్కువ ప్రమాదమని రైతుకు చెబుతాడు.

తెలుగులో పంటకు కొట్టేదీ మందే, రోగానికి వేసేదీ మందే. పేరులో భయం లేనిది ఇంట్లో బియ్యం బస్తా పక్కన చోటు చేసుకుంటుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో 1997 నుంచి 2002 వరకు పురుగుమందుల విషప్రభావంతో చేరినవారు 8,040 మంది, వారిలో 22.6 శాతం మరణించారు. 2002 వివరాల ప్రకారం మూడింట రెండువంతులు ముప్పై ఏళ్లలోపువారు, 96 శాతం తమంతట తాము తాగినవారు. మృత్యువుకు ఎక్కువగా కారణమైనవి మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్. ఇది మానసిక వైద్యుల పని, మనది కాదు అని సహచరులు కొందరు అంటారు. నేను ఒప్పుకోను. శ్రీలంక 1990వ దశకం నుంచి అతి విషపూరిత మందులను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ పోయింది. పంట దిగుబడులు పడిపోలేదు, ఆత్మహత్యల రేటు బాగా తగ్గింది. ఏ మందు సిఫారసు చేయాలో నిర్ణయించేది మనమే అయినప్పుడు, క్షణికావేశంలో చెయ్యి చాచిన పిల్లవాడికి ఏ సీసా అందుతుందన్నదీ కొంతవరకు మన నిర్ణయమే.

2017లో మన ఆదిలాబాద్ పొరుగున ఉన్న యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా మరణించారు. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో పడిపోయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించగా, జాతీయ పోషకాహార సంస్థ నమూనాల్లో పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. రక్తాన్ని, నీటిని, కూరగాయలను ఒకే చేతితో పట్టుకొని ప్రశ్న వేయగలవారి అవసరం అప్పుడు తెలిసివచ్చింది.

ఏమి చేర్చాలి?

నాలుగైదు రోజుల శిబిరం పెట్టి, ఫోటో దిగి, ధ్రువపత్రం పంచడం నా ఉద్దేశం కాదు. కీటకశాస్త్రం, సేద్యశాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, విస్తరణ విభాగాలకు ఉమ్మడిగా ఒక సెమిస్టరు కోర్సు కావాలి. బరువు పెరుగుతుందంటే, ఇప్పుడున్న వాటిలో ఒకదానిని తగ్గించవచ్చును. ఏది అన్నది విభాగాల వారు తగువులాడి తేల్చుకోవచ్చును.

అందులో ప్రయోగాలే ముఖ్యం. ట్యాంకులో మందుకు బదులు ఫ్లోరెసిన్ రంగు కలిపి, తెల్లని బట్టలు తొడిగి, మడిలో ఒక ట్యాంకు కొట్టించి, చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద నిలబెడితే ఎక్కడెక్కడ పడిందో ఒళ్లే చెబుతుంది. ఖర్చు స్వల్పం. రెండవది కోలినెస్టరేజ్ పరీక్ష. ఈ ఎంజైము స్థాయి మనిషికీ మనిషికీ బాగా తేడాగా ఉంటుంది కాబట్టి సీజనుకు ముందే ఎవరి రక్తం వారికి కొలిచి పెట్టుకోవాలి. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఈ పద్ధతి ఉన్నది. ఎర్రరక్తకణాల్లోని ఎంజైము ఆ తొలి స్థాయిలో 70 శాతానికి పడిపోతే ఆ పనివాడిని మందు పని నుంచి తప్పిస్తారు. మన 1971 నియమావళి కూడా మందులతో పనిచేసేవారికి పనిలో చేరకముందూ, ఆ తరువాతా వైద్యపరీక్షలు చేయించాలంటుంది. ట్యాంకు లెక్కన కూలికి మందు కొట్టేవాడిని ఆ పరీక్షకు తీసుకుపోయే యజమాని ఎవరన్న దగ్గర ఆ నియమం ఆగిపోయింది.

జగిత్యాలకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉన్నది. పొలాసలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ పరిశోధన స్థానం ఉన్నాయి. 2022 నుంచి పట్టణంలో ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. విషం తీసుకున్న రోగి వస్తే జూనియర్ వైద్యుడు వెతికేది సీసా పేరు. మన విద్యార్థికి తెలిసినది అదే. మన విద్యార్థికి తెలియనిది కంటిపాప చూడడం. ఆయనకు రోజూ ఉన్న పని అది. సెమిస్టరులో నాలుగు మధ్యాహ్నాలు ఇటువారు అటు, అటువారు ఇటు వచ్చినా ఈ కోర్సులో సగం పూర్తవుతుంది. ముసాయిదాలో ఆ నాలుగు మధ్యాహ్నాలను నేను ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెట్టాను. వానాకాలం వరికి, పత్తికి మందు ఎక్కువగా కొట్టే రోజులవే కనుక.