పాత కారు సైలెన్సర్ గొట్టం: తుప్పు, రంగు మార్పు

ఇనుముకు ఆక్సిజన్, నీరు రెండూ తగిలితేనే తుప్పు పడుతుందనీ, ఆ నీటిలో లవణంగానీ ఆమ్లంగానీ కరిగి ఉంటే చర్య వేగం పెరుగుతుందనీ గత భాగంలో తెలుసుకున్నారు. ఆ సూత్రాన్ని ఇప్పుడు అంబాసిడర్ కారు సైలెన్సర్ గొట్టానికి అన్వయించి చూద్దాం. ఉత్తరపారాలో ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా దాన్ని ముచ్చటపడి దాచుకున్నవారు మీ ఊళ్లోనూ ఉండవచ్చు. వారిలో చాలామంది గొట్టాన్ని బయటి నుంచి తుడిచి మెరుగుపెడుతుంటారు. తుప్పు మాత్రం లోపలి నుంచి తింటూ వస్తుంది.

లోపలికి నీరు ఎక్కడిది? వానది కాదు, పెట్రోలు మండగా పుట్టినది. పెట్రోలు అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమం. లెక్క సులువుగా ఉండటానికి అందులో ఆక్టేన్‌ను తీసుకోండి. ఒక ఆక్టేన్ అణువు పూర్తిగా మండితే ఎనిమిది కార్బన్ డయాక్సైడ్ అణువులు, తొమ్మిది నీటి అణువులు ఏర్పడతాయి. అంటే 114 గ్రాముల ఆక్టేన్ నుంచి 162 గ్రాముల నీరు వస్తుంది. ఈ లెక్కన లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది. మొదటిసారి వినేవారికి ఇది నమ్మశక్యంగా ఉండదు. కాగితం మీద మీరే ఒకసారి వేసి చూడండి.

గొట్టం బాగా వేడెక్కి ఉంటే ఈ నీరంతా ఆవిరిగానే బయటికి పోతుంది. గొట్టం గోడ సుమారు 50 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే ఆవిరి అక్కడే నీరవుతుంది. ఉదయం స్టార్ట్ చేసిన కారు గొట్టం చివర నుంచి చుక్కలు కారేది ఇందుకే. ఇంజను పక్కనున్న గొట్టం నిమిషాల్లో వేడెక్కుతుంది. వెనకనున్న సైలెన్సర్ డబ్బాకు చాలాసేపు పడుతుంది. అందుకే సాధారణంగా ముందుగా చిల్లుపడేది ఆ డబ్బా అడుగే. పైగా అక్కడ నిలిచేది మంచినీరు కాదు, పొగలోని వాయువులు కరిగి ఆమ్లగుణం పొందిన నీరు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణం పెట్రోలులో గంధకాన్ని 10 పీపీఎంకు పరిమితం చేసింది. దానివల్ల ఆమ్లం తగ్గింది, నీరు తగ్గలేదు.

ఇక్కడి నుంచి నివారణ మీరే ఊహించగలరు. షెడ్డులోని కారును వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచి అలవాటని చాలామంది నమ్మకం. గొట్టం విషయంలో అది చేటే చేస్తుంది. నీరు తయారవుతుంది గానీ ఆరిపోయేంత వేడి రాదు. తీస్తే రోడ్డు మీద ఇరవై, ముప్పై నిమిషాలు నడపాలి, లేకపోతే కదపకుండా ఉంచడమే నయం. డబ్బా అడుగున అన్నిటికంటే పల్లమైనచోట రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఉంటే నీరు కారిపోతుంది. కొన్ని సైలెన్సర్లకు తయారీలోనే ఇది ఉంటుంది. లీకేజీ అనుకుని దాన్ని మూయించకండి.

తుప్పు చిల్లు సంగతి వేరు. దాన్ని శబ్దం పెరగడంతో సరిపెట్టుకోకూడదు. కారు అడుగున కారే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరవచ్చు. దానికి రంగు, వాసన లేవు. ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. గొట్టం ఎంత బాగున్నా, మూసిన షెడ్డులో ఇంజనును నడపకూడదు.

బయటివైపు రక్షణకు మామూలు ఎనామిల్ రంగు పనికిరాదు, మాడి రాలిపోతుంది. అల్యూమినియం పొడి కలిపిన సిలికోన్ రకం వేడిని తట్టుకుంటుంది. వేయబోయే ముందు తుప్పును లోహం కనిపించేదాకా గీకాలి. జింకు పూత కూడా ఇంజను దగ్గర నిలవదు, ఎందుకంటే జింకు సుమారు 420 డిగ్రీలకే కరుగుతుంది. అల్యూమినియం పూసిన ఉక్కు ఇందుకు మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం ఇంకా మన్నుతుంది. కానీ విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలిలోని క్లోరైడు దాని రక్షణ పొరను చుక్కలు చుక్కలుగా ఛేదిస్తుంది. అప్పుడప్పుడు మంచినీటితో కడగడమే అక్కడ మందు. కొందరు అందానికి గొట్టం చుట్టూ ఫైబర్‌గ్లాస్ పట్టీ చుడతారు. మైల్డ్ స్టీలు గొట్టానికి అది తడిగుడ్డ కట్టినట్లే.

ఇక రంగు మార్పు. మెరిసే గొట్టం పసుపు, ఊదా, నీలం రంగులకు తిరగడాన్ని తుప్పుగా పొరబడతారు. ఇది నీటి వల్ల కాదు, వేడి వల్ల వస్తుంది. వేడికి లోహం మీద అతిపలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని పై, కింది తలాల నుంచి పరావర్తనమైన కాంతి కిరణాల వ్యతికరణం వల్ల రంగు కనిపిస్తుంది. తడిరోడ్డు మీద ఆయిలు చుక్క రంగులీనడం వంటిదే ఇది. మామూలు ఉక్కు సుమారు 220 డిగ్రీల దగ్గర లేత పసుపుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఇంతకంటే ఎక్కువ వేడి కావాలి.

కొద్దిపాటి పసుపు సహజమే. ఉన్నట్టుండి గొట్టం ముదురు నీలానికి తిరిగితే పాలిష్ డబ్బా తెరవకండి, ముందు కార్బ్యురేటర్, ఇగ్నిషన్ టైమింగ్ చూపించండి. మిశ్రమంలో పెట్రోలు తక్కువైనా, స్పార్కు ఆలస్యమైనా గొట్టం అతిగా వేడెక్కుతుంది. కారణం సరిచేయకుండా రుద్దితే రంగు మళ్లీ వస్తుంది. క్రోమియం పూత పలుచన, కాబట్టి రుద్దిన ప్రతిసారీ కొంత అరిగిపోతుంది. కొత్త గొట్టం బిగించాక మొదటిసారి స్టార్ట్ చేసే ముందు థిన్నరు అద్దిన గుడ్డతో తుడిచి, అది పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. వేలిముద్రల జిడ్డు మాడితే ఆ మచ్చ ఒకపట్టాన వదలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: రోజూ కిలోమీటరు దూరంలోని కూరగాయల బజారుకు మాత్రమే వెళ్లివచ్చే కారు, నెలకోసారి హైదరాబాదు నుంచి కర్నూలు వెళ్లివచ్చే కారు ఉన్నాయి. ఏ కారు సైలెన్సర్ డబ్బా ముందు చిల్లుపడుతుంది? ఏ కారు గొట్టం ముందు రంగు మారుతుంది? కారణాలు రాయండి.