వెనక సీట్లో చిట్టి.. ముందు రాజీవ్ రహదారి!

నా కుడి మడమ మీద నెలవంకలా ఓ మచ్చ ఉంటుంది. కాలేజీలో ఎవరైనా అడిగితే "కుక్క కరిచింది" అని కోతలు కోసేదాన్ని. అసలు సంగతి వేరు. నాకు నాలుగేళ్లప్పుడు నాన్న సైకిల్ వెనక క్యారేజీ మీద కూర్చుని కార్ఖానా మెయిన్ రోడ్డు మీద పోతున్నాను. పక్కన పెళ్లి బ్యాండు. చూద్దామని తిరిగాను. నాతోపాటు కాలూ తిరిగింది. పోయి స్పోకుల్లో పడింది.

ఎముక విరగలేదు. కానీ మడమ చర్మం లేచిపోయి, మానడానికి రెండు నెలలు పట్టిందట. నాకు గుర్తున్నవి బ్యాండు చప్పుడు, డెటాల్ వాసన.. అంతే. నాన్నకు మాత్రం మొత్తం గుర్తుంది. ఆ తర్వాత నన్నెప్పుడూ సైకిల్ ఎక్కించుకోలేదు. స్కూలుకి రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ తీసుకెళ్లాడు, పక్కన ఆ సైకిల్‌ను నెట్టుకుంటూ.

అలాంటి మనిషి దగ్గరికెళ్లి, రెండున్నరేళ్ల నా కూతురి కోసం సైకిల్‌కి వెనక సీటు బిగిస్తున్నా అని చెబితే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

"నీకేమన్న పిచ్చా బిడ్డా? ఆ రోడ్డు మీద పెద్దోళ్లే దాటలేక నిలబడుతున్నరు. చంటిదాన్ని ఎట్ల తీస్కపోతవ్?"

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా ఇంటికి రెండు గల్లీల అవతలే ఉంటాడు. రోజూ వచ్చి చిట్టిని ఎత్తుకుని పోయేవాడు, నా మొహం కూడా చూడకుండా.

నాన్న తప్పని అనలేను. జేబీఎస్ నుంచి తిరుమలగిరి వైపు పోయే మా రోడ్డు ఎవరికి తెలియదు? పేరుకి రాజీవ్ రహదారి. కరీంనగర్ బస్సులు, స్కూలు వ్యాన్లు, నీళ్ల ట్యాంకర్లు, డెలివరీ బండ్లు.. అన్నీ ఈ సందులోంచే దూరాలి. ఫుట్‌పాత్ ఉన్నచోట షాపు, లేనిచోట బైకు. ఇందులో సైకిల్‌కి చోటెక్కడ? దాని వెనక ఒక పసిపిల్లకి?

అయినా నాకో మాట గొంతులో అడ్డం పడుతుంది. అదే రోడ్డు మీద రోజూ పొద్దున స్కూటీ ముందు నిలబడి, అద్దాలు పట్టుకుని పోయే మూడేళ్ల పిల్లలు ఎంతమంది! హెల్మెట్ ఉండదు, బెల్టు ఉండదు. ఎవరూ "నీకేమన్న పిచ్చా" అని అడగరు. నిజానికి దీనికి రూల్ కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. నాలుగేళ్లలోపు పిల్లల్ని మోటారు బండి మీద తీసుకెళ్తే నడిపేవాళ్లకి కట్టి ఉండే బెల్టు వేయాలి, తొమ్మిది నెలలు దాటితే సైజుకి సరిపోయే హెల్మెట్ పెట్టాలి, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదు. మీ ఫ్రెండ్స్‌లో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి.

చిట్టితో నేను తొక్కేది గంటకి 12 కిలోమీటర్లు. వేగం మూడు రెట్లు పెరిగితే దెబ్బ తీవ్రత తొమ్మిది రెట్లు పెరుగుతుందని టెన్త్ ఫిజిక్సే చెబుతుంది. కాకపోతే ఇక్కడో మెలిక. సైకిల్ మీద మనల్ని పడగొట్టేది మన వేగం కాదు, పక్కవాడి వేగం. ఆ ముక్క నాన్న చెప్పకపోయినా నాకు తెలుసు. అందుకే ముందు సీటు కాదు, రూటు వెతుక్కున్నాను.

మొదటి ప్యాసింజర్ సోనా మసూరి

ముందు వయసు సంగతి. ఆరు నెలల బాబుని చున్నీతో గుండెకి కట్టుకుని సైకిల్ తొక్కే రీల్స్ కనిపిస్తుంటాయి. లైక్ కొట్టకండి. పసిపిల్లలకి తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. దాని మీద హెల్మెట్ బరువు, మన రోడ్ల కుదుపులు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏడాది నిండేదాకా సైకిల్ ఎక్కించొద్దనే చెబుతుంది. యూరప్‌లో సైకిల్ పిల్లల సీట్లకి ఈఎన్ 14344 అని ఒక ప్రమాణం ఉంది. దాని లెక్క 9 కిలోల దగ్గర మొదలవుతుంది. ముందు సీటైతే 15 కిలోల వరకు, వెనక సీటైతే 22 కిలోల వరకు. నడుం నిలిపి, ఆసరా లేకుండా, కుదుపులకి వాలిపోకుండా కూర్చోగలగడం అసలు పరీక్ష. చిట్టి విషయంలో నేను రెండేళ్లు దాటేదాకా ఆగాను. తొందరేముంది?

మన చిన్నప్పుడు ముందు రాడ్డు మీద బుల్లి సీటు, లేదా హ్యాండిల్ దగ్గర కేన్ బుట్ట సీటు ఉండేవి. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటాయో! కానీ వాటికి భుజాల బెల్టు లేదు, కాళ్లకి కంచె లేదు. నేను తీసుకున్నది వెనక సీటు. ఎత్తయిన వీపు, భుజాల మీదుగా బెల్టు, కాళ్లు పెట్టుకోడానికి రెండు వైపులా తొట్టిలాంటి గూళ్లు, వాటికి పట్టీలు. ఆ గూళ్లే నాకు ముఖ్యం. ఎందుకో మీకు తెలుసు.

స్పోకుల దెబ్బ గురించి ఒక్క మాట. ఇది చూడ్డానికి గీరుకున్నట్టే ఉంటుంది. కానీ చక్రానికీ ఫ్రేముకీ మధ్య కాలు నలుగుతుంది. చర్మం కింద ఎంత పాడైందో రెండు మూడు రోజులకి గానీ బయటపడదు. కాలు ఇరుక్కుంటే లాగకండి. చక్రం ఆపి, మెల్లగా వెనక్కి తిప్పండి. రాకపోతే స్పోకులు కోయించండి. గాయం చిన్నదే అనిపించినా డాక్టర్‌కి చూపించండి. నాకు ఆ రోజు పసుపు పెట్టి ఇంట్లోనే ఉంచారు, మూడో రోజుకి మడమ నల్లబడింది. నాన్న తనని తాను తిట్టుకునేది ఆ మూడు రోజులకే.

సీటు వచ్చింది. చిట్టిని వెంటనే ఎక్కించలేదు. పది కిలోల బియ్యం బస్తాని బెల్టులు పెట్టి కట్టి, వారం రోజులు మా కాలనీలో తిప్పాను. వాచ్‌మెన్ అన్న మొదటిరోజు "డెలివరీ చేస్తున్నవా అక్కా?" అన్నాడు. మూడో రోజు సైకిల్ స్టాండ్ వేసి గేటు తీయడానికి ఒక్క అడుగు వేశాను. దబ్. బియ్యం బస్తా నేలమీద.

ఒళ్లు జలదరించింది. పోతున్నప్పుడు కాదు, ఆగి ఉన్నప్పుడు పడింది! బరువంతా వెనక, పైన ఉంటుంది కాబట్టి ఒంటికాలి స్టాండ్ ఆపలేదు. అదే రోజు రెండు కాళ్ల స్టాండ్ వేయించాను. ఆ రోజు నుంచి మా ఇంట్లో రూల్ ఒక్కటే. హెల్మెట్ ముందు, సీటు తర్వాత. చిట్టి అందరికన్నా ఆఖర్న ఎక్కుతుంది, అందరికన్నా ముందు దిగుతుంది. సీట్లో తనుండగా సైకిల్ మీద నుంచి నా చేయి తీయను. ఫోన్ మోగినా సరే.

హెల్మెట్ కొనేముందు దర్జీ టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. "పెరుగుతుంది కదా" అని పెద్ద సైజు కొనడం బట్టలకి ఓకే, దీనికి కాదు. కనుబొమ్మల మీద రెండు వేళ్ల జాగా, గడ్డం కింద ఒక వేలు దూరేంత. ఈఎన్ 1080 అనే రకం చిన్నపిల్లల హెల్మెట్లలో గట్టిగా లాగితే వాటంతటవే ఊడిపోయే బకిల్ ఉంటుంది. ఎందుకంటే పిల్లలు హెల్మెట్‌తోనే జారుడుబండ ఎక్కి, పట్టీ ఇరుక్కుని మెడకి బిగుసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఏ రకమైనా సరే, పార్కుకి చేరగానే తీసేయాలి.

ఆదివారం ఆరింటి కార్ఖానా

మా రూటు మెయిన్ రోడ్డు కాదు. విక్రంపురి లోపలి వీధులు, వాసవి నగర్, కాకాగూడ గల్లీలు, అక్కడి నుంచి కంటోన్మెంట్ చెట్ల రోడ్లు. మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే దిగి, నడిపించుకుంటూ దాటుతాను. సిగ్గేం లేదు. ఈ రోడ్ల గురించి మావైపు ఎప్పుడూ ఒకటే పేచీ. ఆర్మీ వాళ్లు గేట్లు వేస్తే చుట్టూ తిరిగిపోవాలని జనం మొత్తుకుంటారు. 2018 మేలో రోడ్లు తెరవమని రక్షణ శాఖ చెప్పినప్పుడు మా వీధిలో పండగే. బండి మీద పోయేటప్పుడు నేనూ ఆ గుంపులోనే ఉంటా. కానీ సైకిల్ ఎక్కితే ప్లేటు ఫిరాయిస్తా. బండ్లు తక్కువగా ఉండే ఆ రెండు మూడు రోడ్లే లేకపోతే చిట్టిని ఎక్కడ తిప్పేదాన్ని?

స్పీడ్ బ్రేకర్లు మాకు పెద్ద శత్రువులు. మనం పెడల్ మీద లేచి నిలబడి కుదుపు తప్పించుకుంటాం, వెనక పిల్ల వెన్ను మొత్తం తింటుంది. నడక వేగానికి దిగాల్సిందే. తర్వాత కుక్కలు. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు మీద కుక్కలు పడ్డ ఘటన తర్వాత ఏ తల్లికైనా ఈ భయం ఉంటుంది. వెంటపడితే నేను స్పీడు పెంచను. ఆగి, దిగి, సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నిలబడతాను. చాలాసార్లు అవే పోతాయి. ఒక వీధిలో మాత్రం పోలేదు. ఆ వీధిని మా మ్యాప్‌లోంచి తీసేశాం.

నాకు తెలియకుండా నేర్చుకున్నది చలి. డిసెంబర్‌లో తొక్కుతున్న నాకు చెమట్లు, కదలకుండా కూర్చున్న చిట్టి చేతులు ఐస్. వేసవిలో ఉల్టా. ఏప్రిల్‌లో ఏడు దాటితే బయటకి తీయను. ఇరవై నిమిషాలకి మించితే తను నిద్రలోకి జారుకుంటుంది, తల పక్కకి వాలిపోతుంది. అదీ డేంజరే. అందుకే మా రైడ్ మొత్తం నాలుగైదు కిలోమీటర్లు. మధ్యలో ఇడ్లీ.

ఆ ఇరవై నిమిషాల్లో తను వెనక నుంచి చెప్పే రన్నింగ్ కామెంటరీ వినాలి మీరు. "అమ్మా ఆవు. అమ్మా ఇంకో ఆవు. అమ్మా అంకుల్ పళ్లు తోముతుండు." కార్లో ఇవేవీ కనపడవు. కార్లో తనకి కనిపించేది నా ఫోన్.

"సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడికి పోవచ్చుగా" అంటారు ఆఫీస్‌లో. ఉంది. ఔటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్, 2023 అక్టోబర్ 1న మొదలైంది. బ్రహ్మాండంగా ఉంటుంది, ఎండా వానా తగలవు. కానీ నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. కార్ఖానా నుంచి అక్కడికి పోవాలంటే సైకిల్‌ని కారెక్కించాలి! పాలు కొనుక్కురావడానికి, బడికి, అమ్మమ్మ ఇంటికి పోవడానికి ఆ ట్రాక్ ఎలా పనికొస్తుంది? 2021లో కొన్ని ఆదివారాలు సాయంత్రం 5 నుంచి 10 దాకా ట్యాంక్ బండ్ మీద బండ్లు ఆపేశారు, గుర్తుందా? పిల్లలు ఎంత ఎగబడ్డారో. జాగా ఇస్తే చాలు, జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

నెదర్లాండ్స్‌లో పిల్లల్ని డబ్బా సైకిళ్లలో పెట్టుకుని తిరిగే అమ్మల ఫోటోలు చూసి "వాళ్ల కల్చర్ వేరు" అనుకుంటాం. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అప్పుడే జనం రోడ్డెక్కారు. "పిల్లల హత్యలు ఆపండి" అన్నది ఆ ఉద్యమం పేరు. దాన్ని రాజేసిన జర్నలిస్ట్ కూతురు సైకిల్ మీద పోతూనే చనిపోయింది. వాళ్ల సైకిల్ దారులు ఆకాశంలోంచి ఊడిపడలేదు.

మా రోడ్డు మీదుగా శామీర్‌పేట ఔటర్ దాకా దాదాపు 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కి 2024 మార్చి 7న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. పైన కార్లు పోతాయి, సంతోషం. కింద మిగిలే జాగాలో ఒక మీటరున్నర పిల్లల సైకిళ్లకి గీయమని అడిగేవాళ్లు మా కాలనీ మీటింగ్‌లో ఇప్పటికి నేనొక్కదాన్నే. పార్కింగ్ అడిగేవాళ్లు పదిహేను మంది.

ఇప్పుడు చిట్టికి పెడల్ లేని బుల్లి సైకిల్ కూడా ఉంది, కాళ్లతో నెట్టుకుంటూ పోయేది. ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన మొట్టమొదటి బండికి కూడా పెడల్ లేదు, పెద్దోళ్లు ఇలాగే నెట్టుకుంటూ పోయారు. పక్క చక్రాలున్న సైకిల్ కన్నా దీని మీద బ్యాలెన్స్ తొందరగా వస్తుంది. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సాయంత్రాలు ఆమెదే రాజ్యం.

నాన్న సంగతి మధ్యలో వదిలేశాను కదా. మొదటి రైడ్‌కి ముందురోజు, శనివారం సాయంత్రం, గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పానాల సంచి. పికెట్ డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసిన మనిషి. ఏం మాట్లాడకుండా సైకిల్ దగ్గర కూర్చున్నాడు. సీటు బోల్టులు ఒక్కోటి చూశాడు. రెండు వదులుగా ఉన్నాయి, బిగించాడు. చిట్టిని కూర్చోబెట్టమన్నాడు. తన కాలు పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, చక్రం వైపు లాగి చూశాడు. అందలేదు. అయినా నమ్మకం కుదరలేదు. సంచిలోంచి పాత ప్లాస్టిక్ డబ్బా మూత తీసి, కత్తిరించి, చక్రానికి రెండు పక్కలా అడ్డంగా తీగతో కట్టాడు. మళ్లీ కాలు తిప్పి చూశాడు.

"రేపు ఎన్నింటికి పోతున్నరు?" అని అడిగాడు, నా వైపు చూడకుండా.

"ఆరింటికి నాన్నా."

"ఐదున్నరకే పోండి. ఆరు దాటితే కరీంనగర్ బస్సులు మొదలైతయ్."