నాలుగు సెకన్లకోసారి

పది నిమిషాల్లో 150 సార్లు. అంటే నాలుగు సెకన్లకోసారి. యూరప్‌లో ఒకాయన ‘ఫార్ క్రై ప్రైమల్’ ఆడుతుంటే ఆయన కంప్యూటర్ బయటి సర్వర్లను పలకరించిన లెక్క ఇది. అదేమీ నలుగురితో కలిసి ఆడే ఆట కాదు. రాతియుగపు అడవిలో ఒంటరిగా తిరిగే ఆట. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో డబ్బు కట్టి కొన్నాడు. అయినా దాన్ని తయారుచేసిన యూబీసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయితే తప్ప తెరుచుకోలేదు. ఎందుకని అడిగితే, ఆట మీదేనని నిర్ధారించుకోవడానికి అన్నారు. అమ్మిన స్టీమ్‌కు ఆ సంగతి ముందే తెలుసు. మరి మిగతా పలకరింపులన్నీ దేనికి? వెళ్ళిన చిరునామాల్లో గూగుల్, అమెజాన్, డేటాడాగ్ అనే అమెరికా సంస్థ కనిపించాయి.

నోయ్బ్ అనే హక్కుల సంస్థ 2025 ఏప్రిల్ 24న దీని మీద ఆస్ట్రియాలో ఫిర్యాదు చేసింది. ఆ సంస్థ లెక్క ప్రకారం జరిమానా 9.2 కోట్ల యూరోల దాకా పడవచ్చు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బులో దాదాపు 900 కోట్లు. ఇది ఫిర్యాదే, తీర్పు కాదు. కానీ ఆ 150 అనే అంకె విషయాన్ని తేటగా చూపిస్తుంది. టికెట్ చింపడానికి గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి, లోపలికొచ్చి పక్క సీట్లో కూర్చుని, మనం ఎప్పుడు లేచామో ఎప్పుడు వచ్చామో రాసుకుంటున్నాడు.

ఆ మనిషి పేరే లాంచర్. కంప్యూటర్‌లో ఆటకు ముందు తెరుచుకునే మరో సాఫ్ట్‌వేర్. ఆటను దించుకోవడం, అప్‌డేట్ చేయడం, కొన్నవాడెవడో చూడడం దాని పనులు. తమిళనాడులోని ధర్మపురిలో ఆడేవాడికైనా, పారిస్‌లో ఆడేవాడికైనా లాంచర్ అదే, ‘అంగీకరిస్తున్నాను’ బొత్తామూ అదే. (గోదావరి ఒడ్డున నరసింహస్వామి ధర్మపురి కాదు, బెంగళూరు నుంచి సేలం వెళ్ళే దారిలోది.) ఆ ప్రాంతంలో, 2004లో దాని నుంచి విడిపోయిన కృష్ణగిరి జిల్లాలో, ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, తెర మీద ఇంగ్లిష్‌గా పెరిగే పిల్లలు చాలామంది. బొత్తాం నొక్కాక ఎవరికి ఏ హక్కుంటుందన్న దగ్గరే పారిస్‌కూ ధర్మపురికీ తేడా.

ఈ తప్పనిసరి తంతు వాల్వ్ సంస్థతో మొదలైంది. 2003 సెప్టెంబరులో దాని స్టీమ్ వచ్చింది. మరుసటి ఏడాది నవంబరులో ‘హాఫ్ లైఫ్ 2’ వచ్చింది. డిస్కు కొని తెచ్చుకున్నా స్టీమ్ ఖాతా లేకపోతే నడవదన్నారు. జనం తిట్టుకుంటూనే అలవాటు పడ్డారు. 2025 మార్చి నాటికి స్టీమ్‌లో ఒకేసారి లాగిన్ అయి ఉన్నవాళ్ళ సంఖ్య 4 కోట్లు దాటింది. దారి చూపించాక మిగతా కంపెనీలు ఆగుతాయా? 2011లో ఈఏ సంస్థ ‘బ్యాటిల్‌ఫీల్డ్ 3’తో ఆరిజిన్‌ను అంటగట్టింది. కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో, ఎలా వాడుతున్నామో సేకరించుకోవచ్చని దాని ఒప్పందంలో రాసి ఉండటంతో జర్మనీలో గగ్గోలు పుట్టింది. ఈఏ ఆ మాటలు మార్చక తప్పలేదు. యూబీసాఫ్ట్‌కొకటి, రాక్‌స్టార్‌కొకటి, ఎపిక్‌కొకటి. స్టీమ్‌లో కొన్న ఆట తెరిస్తే దాని మీద ఇంకో లాంచర్ వాలడం ఇప్పుడు మామూలైపోయింది.

ఎపిక్ సంగతి కాస్త దగ్గరగా చూడాలి. ఆ దుకాణం 2018 డిసెంబరు 6న తెరుచుకుంది. నాలుగు నెలలు తిరక్కుండానే, 2019 మార్చిలో కొందరు వాడకందారులు ఒక వింత కనిపెట్టారు. ఎపిక్ లాంచర్ తన ఫోల్డర్లు దాటి స్టీమ్ ఫోల్డర్‌లోకి వెళ్తోంది. అక్కడ ‘లోకల్‌కాన్ఫిగ్’ అనే ఫైలుంటుంది. మన స్నేహితుల జాబితా, ఆడిన ఆటల వివరాలు అందులో ఉంటాయి. ఆ ఫైలుకు నకలు తీసి తన దగ్గర పెట్టుకుంటోంది. స్నేహితులను తెచ్చుకుంటామని మనం ఒప్పుకున్నాకే అందులోంచి ఏదైనా సర్వర్‌కు వెళ్తుందని ఎపిక్ వివరణ. కానీ ఒప్పుకోకముందే నకలు ఎందుకు తీసినట్టు? తమ ఆట ఫోర్ట్‌నైట్ తొలినాళ్ళ హడావుడిలో తానే తొందరపెట్టానని అధిపతి టిమ్ స్వీనీ బహిరంగంగా ఒప్పుకున్నారు. దొంగతనం కాదు సరే. అయితే పక్క ప్రోగ్రాం ఫైళ్ళు చదవడానికి లాంచర్‌కు విండోస్ అడ్డు చెప్పలేదన్న సంగతి అప్పుడే చాలామందికి తెలిసొచ్చింది. ఫోన్‌లో కాంటాక్టులు కావాలంటే యాప్ అడగాలి. కంప్యూటర్‌లో మామూలు ప్రోగ్రాంకు ఆ అడ్డుగోడ లేదు.

అంతకంటే లోతుకు దిగినవీ ఉన్నాయి. రయట్ సంస్థ 2020లో ‘వాలరెంట్’తో పాటు వ్యాన్‌గార్డ్ అనే మోసనిరోధక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. దాని డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే విండోస్ మూలస్థానంలో కూర్చుంటుంది. ఆట ఆడినా ఆడకున్నా కంప్యూటర్ ఆన్ చేయగానే లేస్తుంది. ఆందోళన చూసి రయట్, ఇందులో లోపం పట్టిస్తే లక్ష డాలర్ల దాకా ఇస్తామంది. మోసగాళ్ళు కెర్నెల్‌లో దాక్కుంటుంటే కాపలావాడూ అక్కడికే వెళ్ళాలన్న వాదనలో నిజముంది. కానీ ఆ స్థాయిలో తప్పు జరిగితే మూల్యం ఎంతో 2016లో క్యాప్‌కామ్ చూపించింది. ‘స్ట్రీట్ ఫైటర్ 5’ కోసం పెట్టిన డ్రైవర్ ఏ ప్రోగ్రాంకైనా కెర్నెల్ తలుపు తెరిచేలా ఉందని తేలి, వెంటనే వెనక్కి తీసుకుంది. ‘గెన్‌షిన్ ఇంపాక్ట్’ డ్రైవర్‌నైతే దుండగులు యాంటీవైరస్‌లను ఆపడానికి వాడుకున్నారని 2022లో ట్రెండ్ మైక్రో అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఆ కంప్యూటర్‌లో ఆట ఉండాల్సిన పనే లేదు, డ్రైవర్ ఫైలొక్కటి చాలు.

మన ఇంట్లో ఏం జరుగుతోందో చూడాలంటే విండోస్‌లో ‘రిసోర్స్ మానిటర్’ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌కు వెళ్తే చాలు. ఏ ప్రోగ్రాం ఏ చిరునామాతో మాట్లాడుతోందో వరుసగా కనిపిస్తుంది. ఏం మాట్లాడుతోందో మాత్రం కనిపించదు, అది చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా చూసి, అక్కర్లేని లాంచర్లు కంప్యూటర్‌తో పాటే లేవకుండా ఆపేయవచ్చు. లాంచర్ లేకుండానే ఆట ఇచ్చే దుకాణమూ ఉంది. పోలండ్‌కు చెందిన గాగ్‌లో ఇన్‌స్టాలర్ దించుకుంటే ఆ తర్వాత నెట్ కూడా అడగదు.

ఇక ధర్మపురి ఆటగాడికి చట్టం ఏమిస్తోంది? తమిళనాడు ఆటల విషయంలో గట్టిగానే కదిలింది, కాకపోతే డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటి వాటి మీద. 2025 ఫిబ్రవరి నిబంధనలు 18 ఏళ్ళలోపు వారికి ప్రవేశం లేదన్నాయి. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5 దాకా లాగిన్ కుదరదన్నాయి. ఆధార్‌తో ధ్రువీకరణ తప్పనిసరి చేశాయి. ఇది గోప్యతకు విరుద్ధమని ప్లే గేమ్స్ 24×7 తదితర కంపెనీలు మద్రాసు హైకోర్టుకెక్కాయి. గోప్యత హక్కుకూ హద్దులుంటాయంటూ జూన్ 3న ధర్మాసనం వారి వాదన కొట్టేసింది. ఆ తర్వాత ఆగస్టులో కేంద్ర చట్టం డబ్బు ఆటలనే దేశమంతటా నిషేధించింది. కంపెనీలు తమ లాభం కోసమే గోప్యత మాట ఎత్తాయన్నది దాచాల్సిన పనిలేదు. అయినా ‘ఆటకు ఆధార్ ఎందుకు’ అనే ప్రశ్న చెడ్డది కాదు.

లాంచర్లకు వర్తించేది వేరే చట్టం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దీని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమలవుతాయి. కంపెనీ అమెరికాలో ఉన్నా ఇక్కడివారికి సేవ అమ్ముతుంటే తప్పించుకోలేదు. నాకు ఇందులో అన్నిటికన్నా పనికొచ్చేదిగా తోచింది చట్టంలోనే ఇచ్చిన ఒక ఉదాహరణ. ఫోన్‌లో వైద్యం చెప్పే యాప్ కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, మనిషి సరేనన్నాడు. వైద్యానికి కాంటాక్టులు అక్కర్లేదు కాబట్టి ఆ ‘సరే’ వాటికి చెల్లదు. ఇదే కొలతను లాంచర్‌కు పెడితే, ఆట నడవడానికి అవసరం లేనిదేదీ మన ‘అంగీకరిస్తున్నాను’ కిందకు రాదు. అంగీకారం కోరే పత్రాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో మనకు నచ్చినదాంట్లో చదివే అవకాశమూ ఇవ్వాలి. స్టీమ్ తన తెరకు ఇచ్చే భాషల జాబితాలో తెలుగు లేదు, తమిళం లేదు, హిందీ కూడా లేదు.

చిక్కల్లా వయసు దగ్గర వస్తుంది. స్టీమ్ ఒప్పందం 13 ఏళ్ళు నిండితే చాలంటుంది. మన చట్టానికి 18 నిండనివారంతా పిల్లలే. వారి డేటా ముట్టుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని ధ్రువీకరించుకోవాలి. తప్పితే జరిమానా 200 కోట్ల దాకా. పదిహేనేళ్ళ కొడుకు ఏం ఆడుతున్నాడో కంపెనీ తక్కువ తెలుసుకోవాలంటే, ముందు నాన్న ఎవరో కంపెనీకి తెలియాలన్నమాట. దీనికి నిబంధనల్లో దారులున్నాయి. తల్లిదండ్రులు తమ గుర్తింపు వివరాలు నేరుగా ఇవ్వవచ్చు, లేదా డిజిలాకర్ లాంటి చోటు నుంచి టోకెన్ పంపవచ్చు. మొదటి దారిలో గుర్తింపు కార్డు వివరాలు కంపెనీ దగ్గర మిగిలిపోవచ్చు. రెండో దారిలో ‘ఈయన పెద్దవాడే’ అన్న జవాబుతో పని జరిగిపోతుంది. లాంచర్ తెర మీద మొదటిదొక్కటే కనిపించి రెండోది కనిపించకపోతే, అప్‌లోడ్ నొక్కకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.