పగ ఒకటే, వరసలు వేరు

దీపావళి రాత్రి. వీధిలో టపాకాయలు పేలుతున్నాయి. ఆ చప్పుళ్ళ మాటున ఒక ఇంట్లో తుపాకి పేలింది. అలమరలో దాగిన పిల్లవాడు తలుపు సందులోంచి తన తల్లిదండ్రుల హత్యను కళ్ళారా చూశాడు. హంతకుని ముఖం కనిపించలేదు. అతని మణికట్టున వేలాడే గొలుసు, ఆ గొలుసుకున్న గుర్రపు బొమ్మ మాత్రం కనిపించాయి. పెరిగి పెద్దవాడై పోలీసు ఇన్‌స్పెక్టరయ్యాక కూడా ఆ తెల్లగుర్రం అతణ్ణి కలలో వెంటాడుతూనే ఉంటుంది.

1973 మే నెలలో విడుదలైన 'జంజీర్' కథ ఇది. సలీం–జావేద్ రచన, ప్రకాష్ మెహ్రా దర్శకత్వం. వరుస అపజయాలతో సతమతమవుతున్న అమితాబ్ బచ్చన్‌ను అగ్రనటుల సరసన కూర్చోబెట్టిన చిత్రం. మరుసటి ఏడే అది ఎస్.డి. లాల్ దర్శకత్వంలో, ఎన్.టి. రామారావు కథానాయకుడుగా 'నిప్పులాంటి మనిషి' అయింది. హిందీలో ప్రాణ్ ధరించిన షేర్‌ఖాన్ పాత్ర తెలుగులో కైకాల సత్యనారాయణకు దక్కింది. ఆ వెనుకే 'యాదోం కీ బారాత్' 1975లో 'అన్నదమ్ముల అనుబంధం'గా, 'దీవార్' 1976లో 'మగాడు'గా, 'డాన్' 1979లో 'యుగంధర్'గా తెలుగువారి ముందుకు వచ్చాయి. నాలుగు మూలకథలూ సలీం–జావేద్‌లవే. నాలుగు తెలుగు చిత్రాలలోనూ నాయకుడు రామారావే.

బొంబాయి వీధుల్లో పుట్టిన ఈ పగలు తెలుగు గడ్డపై ఇంత సులువుగా ఎలా నాటుకున్నాయి? పోరాటాలకు అనువాదం అక్కరలేదన్నది సగం జవాబే. మిగతా సగం బంధుత్వాలలో ఉంది. ఈ తరహా కథలలో కత్తికంటే పదునైనది ఒక కుటుంబ రహస్యం. 'యాదోం కీ బారాత్'లో చిన్ననాడు విడిపోయిన ముగ్గురు అన్నదమ్ములను తిరిగి కలిపేది ఇంట్లో అందరూ కలిసి పాడుకున్న పాట. తల్లి, తండ్రి, అన్న, తమ్ముడు – ఈ మాటలు హిందీలో ఎంత బరువో తెలుగులోనూ అంతే బరువు. అనువాదకుడు వాటిని చేత్తో ఎత్తి ఇటు పెడితే చాలు.

అన్నివేళలా అంత తేలిక కాదు. యశ్ చోప్రా 1978లో తీసిన 'త్రిశూల్' చూడండి. ఐశ్వర్యం కోసం ప్రేమించిన స్త్రీని విడిచి వేరొకరిని పెళ్ళాడిన గుప్తా ఢిల్లీలో పేరుమోసిన భవన నిర్మాత అవుతాడు. విడిచిన స్త్రీకి పుట్టిన కొడుకు, ఆమె మరణానంతరం ఆ నగరానికి వచ్చి, తల్లి పేరుతోనే సంస్థ పెట్టి తండ్రి వ్యాపారాన్ని కూలదోస్తాడు. తానెవరో చివరికి బయటపెడుతూ, లోకం తనకు అంటగట్టిన 'నాజాయజ్' అన్న విశేషణాన్ని తీసి తండ్రికి తగిలిస్తాడు. హిందీలో ఆ ఒక్క మాట చెంపపెట్టు. తెలుగులో 'అక్రమ సంతానం' అన్న మాట ఉన్నది గాని, 'అక్రమ తండ్రి' అంటే పురపాలక సంఘంవారు అతికించిన నోటీసులా వినిపిస్తుంది. ఈ చిక్కుకు నాకు తృప్తికరమైన పరిష్కారం ఇంతవరకు దొరకలేదు.

ఇప్పుడు ప్రవాహం ఎదురు తిరిగింది. తెలుగు పోరాట చిత్రాలు హిందీ గొంతుకతో ఉత్తరాది ఇళ్ళలో వినిపిస్తున్నాయి. నేనుంటున్న రాయపూరులోని దేవేంద్ర నగర్ అందుకు మినహాయింపు కాదు. 1931లో పూర్తయిన విజయనగరం రైలుమార్గం, ఆ తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారం ఎన్నో తెలుగు కుటుంబాలను ఈ ప్రాంతానికి తెచ్చాయి. వారి మనవలు తాతల భాషలో తీసిన చిత్రాన్ని హిందీలో చూస్తున్నారు. మా పొరుగింటి తెలుగు పాప, పదేళ్ళది, అటువంటి సినిమా చూస్తూ ఒకనాడు వాళ్ళ అమ్మమ్మను అడిగింది: "మామయ్య కూతురంటే చెల్లెలు కదా, పెళ్ళెలా చేసుకుంటాడు?" అమ్మమ్మ నవ్వింది. ఆవిడ పెళ్ళాడింది మేనబావనే మరి!

పాప తప్పేమీ లేదు. హిందీ మాట్లాడే ఇళ్ళలో మామ కూతురు, మేనత్త కూతురు ఇద్దరూ 'బహన్'లే. రాఖీ కట్టే చేతులవి. 1955 నాటి హిందూ వివాహ చట్టం సైతం అన్నాచెల్లెళ్ళ సంతానం మధ్య వివాహాన్ని నిషిద్ధ బాంధవ్యాలలో చేర్చి, ఆచారం అనుమతించిన చోట మాత్రం మినహాయించింది. మనకేమో 'వరస' అన్న ఒక్క మాటలో శాస్త్రం యావత్తూ ఇమిడి ఉంది.

దీనితో కథకేం నష్టమంటారా? 2013లో వచ్చిన 'అత్తారింటికి దారేది'లో నాయకుడు తానెవరో దాచి మేనత్త ఇంట డ్రైవరుగా చేరతాడు. అతడు మేనల్లుడన్న రహస్యం బయటపడే కొద్దీ మనకు ఆ ఇంటి ఆడపిల్లలపై అతనికున్న వరసహక్కు కూడా తోస్తుంది. హిందీ చెవికి అదే రహస్యం ప్రేమకు అడ్డుగోడ. పిల్లను ఇస్తానని మాట తప్పినందుకు బావ, బావమరిది ఇళ్ళ మధ్య రగిలే పగ మన కథలలో కొల్లలు. అక్కడ మేనమామను తండ్రి స్నేహితుడుగా మార్చితే పెళ్ళి కుదురుతుంది, పగకు కారణం పోతుంది. మార్చకపోతే పగ నిలుస్తుంది, పెళ్ళి ఎబ్బెట్టవుతుంది. డబ్బింగు రచయితను తిట్టేవారు ఈ ఇరకాటం గమనించాలి.

'బాహుబలి'కి ఈ బాధ లేకపోయింది. 2015 జూలైలో తొలి భాగం ఒక ప్రశ్నతో ముగిసింది. 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా కట్టప్ప ఎందుకు చంపాడని అడుగుతూనే ఉంది. భల్లాలదేవుడు, అమరేంద్రుడు అన్నదమ్ముల బిడ్డలు. వారిది దాయాదుల పోరు. కురుక్షేత్రం నాటి ఆ వరసను హిందీవారికి వివరించవలసిన పనిలేదు. చిత్రవిజయానికి కారణాలు వేరే ఎన్నో ఉన్నాయి గాని, ఆ రహస్యం భాష మారినా చెక్కుచెదరకపోవడం వాటిలో చిన్నదేమీ కాదు.

ఆ చిత్రంలోనూ ఒక్క మాట మాత్రం చిత్రంగా గట్టెక్కింది. అమరేంద్రుడు ఏ రక్తసంబంధమూ లేని బానిస కట్టప్పను 'మామా' అని పిలుస్తాడు. తెలుగులో మామ అంటే తల్లి సోదరుడు, పిల్లనిచ్చినవాడు, ఊళ్ళో చనువున్న పెద్దమనిషి – ఎవరైనా కావచ్చు. హిందీలో తల్లి సోదరుడొక్కడే. హిందీ సంభాషణలు రాసిన మనోజ్ ముంతషిర్ ఆ పిలుపును అలాగే ఉంచారు. కట్టప్ప శివగామికి తోబుట్టువు ఎలా అయ్యాడని అక్కడ ఎవరూ అడిగినట్టు లేదు.