క్రిస్మస్ మరునాడు మొదలయ్యే ఆటలు

సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్లు, పండుగ ఆరాధన అన్నీ ముగిసి, డబ్బాలో ఇంకా నాలుగు అరిసెలు మిగిలి ఉండే రోజు డిసెంబరు 26. సరిగ్గా ఆ ఉదయమే మెల్‌బోర్న్ మైదానంలో టెస్టు మ్యాచ్ మొదలవుతుంది. ఆ వెంటనే కొత్త సంవత్సరంలో సిడ్నీ టెస్టు. జనవరి నెలాఖరుకు టెన్నిస్. చలికాలపు శని, ఆదివారాలు టీవీ ముందే గడిచిపోవడానికి ఇవి చాలు.

"అయ్యగారూ, క్రికెట్ చూడటం పాపమా?" అని యౌవనస్థుల కూటములలో మమ్మును అడుగుతుంటారు. మేము చెప్పేది ఒకటే: ముందు గడియారం చూద్దాము.

మెల్‌బోర్న్‌లో ఆట మన కాలమానం ప్రకారం తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతుంది. భోజన విరామం 7 నుండి 7.40 వరకు. టీ విరామం 9.40కి. ఆట ముగిసేసరికి మధ్యాహ్నం 12 గంటలు, ఓవర్లు మిగిలిపోతే మరో అరగంట. అంటే మొదటి రెండు భాగాలు ఆరాధనకు ముందే అయిపోతాయి. ఆ 40 నిమిషాల విరామంలో స్నానాలు, ఇడ్లీలు, కుటుంబ ప్రార్థన అన్నీ ముగించుకునే ఇల్లు ఒకటి మాకు తెలుసు. తగాదా అంతా చివరి భాగముతోనే. పెర్త్‌లో అయితే ఆట మనకు దాదాపు 8 గంటలకు మొదలవుతుంది కనుక ఆరాధన సమయమంతా దానిలో కలిసిపోతుంది. మన దేశంలో జరిగే టెస్టులు సాధారణంగా 9.30కి. ఇక చెప్పేదేముంది, గంట కొట్టేటప్పుడే టాస్ అయిపోయి ఉంటుంది!

2024 డిసెంబరు 28, శనివారము తెలుగు ఇండ్లలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. ఆస్ట్రేలియా 474 పరుగులు చేసింది. మనవాళ్లు కష్టాల్లో ఉండగా విశాఖపట్నం కుర్రవాడు, 21 ఏండ్ల నితీశ్ కుమార్ రెడ్డి, ఎనిమిదో స్థానంలో దిగాడు. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. అతడు 99 మీద ఉండగా బుమ్రా ఔటయ్యాడు. మిగిలింది ఒక్క వికెట్టే. దిగినది హైదరాబాదు సిరాజ్. ఎదురుగా బంతి వేసేది కమిన్స్. మూడు బంతులు సిరాజ్ కాచుకున్నాడు. తరువాతి ఓవర్లో నితీశ్ ఫోర్ కొట్టి వంద పూర్తి చేశాడు. గ్యాలరీలో అతని తండ్రి కళ్లు తుడుచుకుంటూ కనిపించారు. కొడుకు ఆట కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ఆయన. ఆ దృశ్యము పిల్లలతో కలిసి చూడదగినదే, అందులో మాకు సందేహం లేదు. సిరాజ్ ఆడిన ఆ మూడు బంతుల సంగతి కూడా వారికి చెప్పండి. ఆ మూడింటిలో అతడు ఒక్క పరుగూ చేయలేదు.

మరునాడు ఆదివారము. నితీశ్ 114కి ఔటై, 369 వద్ద ఇన్నింగ్స్ ముగిసింది. ఆట మొదలైన కొద్దిసేపటికే అయిపోయింది గనుక, దాని కోసం ఆరాధన మానిన వారెవరైనా ఉంటే వారికి దొరికినదేమీ లేదు. ఆ రోజే బుమ్రా 200వ టెస్టు వికెట్టు తీశాడు, నిజమే. సోమవారము మనవారు 184 పరుగుల తేడాతో ఓడిపోయారు.

ఆదివారము, ఆట ఒకదానినొకటి ఢీకొనడం నేటి మాట కాదు. విజయనగరం రాజకుమారుడు, క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచినాయన, 1930-31 చలికాలంలో తన జట్టులో ఆడటానికి ఇంగ్లండు నుండి జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించారు. ఫస్ట్‌క్లాస్ ఆటలో 190కి పైగా సెంచరీలు చేసిన హాబ్స్, ఆదివారము మాత్రం ఆడనన్నారు. ఆయన కోసం మ్యాచ్‌ల ఏర్పాట్లే మార్చవలసి వచ్చింది. "ఆయన కోసం మార్చారు గాని మన కోసం మారుస్తారా, అయ్యగారూ?" అన్నాడు ఒక తమ్ముడు. మార్చరు. కాని హైలైట్స్ సాయంత్రం వేస్తారు కదా! హాబ్స్ కాలములో ఆ సౌకర్యమూ లేదు.

ఇంగ్లండులో టెస్టుల నడుమ ఆదివారము విశ్రాంతి దినముగా ఉండేది. 1981లో అక్కడ మొదటిసారి టెస్టు మ్యాచ్ ఆదివారము ఆడారు. అంతకు ముందు 1962-63లో డేవిడ్ షెపర్డ్ అనే దైవసేవకుడు ఇంగ్లండు జట్టుతో ఆస్ట్రేలియా వెళ్లారు. అదే మెల్‌బోర్న్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండవ దానిలో 113. ఆ పర్యటనలో క్యాచ్‌లు జారవిడిచినందుకు జనం ఆయనను బాగానే ఆటపట్టించారు. ఆదివారాలు దేవాలయాలలో ప్రసంగించారు. తరువాత లివర్‌పూల్ బిషప్ అయ్యారు.

రాత్రి ఆటల మాట. ఇంగ్లండు ఫుట్‌బాల్ శనివారం మ్యాచ్‌లలో చాలా భాగం చలికాలంలో మనకు రాత్రి 8.30కి మొదలై 10.30 దాకా సాగుతాయి. ఒకటి చూసి పడుకుంటే ఫరవాలేదు. దాని తరువాతది కూడా చూసిన పిల్లవాడు సండే స్కూలులో కునుకు తీస్తాడు.

అయితే మమ్మును కలవరపరిచేది కునుకు కాదు, పందెము. తండ్రి పెద్ద తెర మీద ఆట చూస్తుంటాడు, వెనుక కూర్చున్న కొడుకు చేతిలో చిన్న తెర ఉంటుంది. ప్రతి ఓవరుకూ అతని ముఖం మారుతుంది. తండ్రి అది ఆట మీద ఆసక్తి అనుకుంటాడు. అప్పుల వాళ్లు గుమ్మంలోకి వచ్చాక గాని సంగతి తెలియదు. ఇలాంటి ఇండ్లకు మేము ప్రార్థనకు వెళ్లాము. తల్లి పుస్తెలు తాకట్టులో ఉన్న ఇల్లు కూడా చూశాము. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదమును నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టము చేసింది. చట్టము వచ్చినా, దొంగచాటు దారులు మూతపడలేదు. గెలిచినా ఓడినా ఒకే విధముగా సంతోషించని పిల్లవాడు, స్కోరు అడిగితే ఉలిక్కిపడే పిల్లవాడు మీ ఇంట ఉంటే, దయచేసి తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఎంత పోయిందని మొదట అడగవద్దు. ఎప్పటి నుండి అని అడగండి.

ఇంకొక మాట ఇంటి పెద్దలతో. 5 గంటలకు మ్యాచ్ అంటే నాలుగున్నరకు టీ ఎవరు పెడుతున్నారు? పండుగ వంటలతో నడుము విరిగిన అమ్మగారే అయితే, ఆ ఒక్క వారమైనా పొయ్యి మీరు వెలిగించండి. పక్క గదిలో మామ్మగారు నిద్రపోతుంటే శబ్దం తగ్గించండి, వ్యాఖ్యానం లేకపోయినా స్కోరు కనబడుతూనే ఉంటుంది.

ఆరాధనకు ఏ ఇబ్బందీ లేనిది ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్. 2009లో మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా, మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ గెలిచినది అక్కడే. స్త్రీల సింగిల్స్ ఫైనల్ శనివారము, పురుషులది ఆదివారము, రెండూ మనకు మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో మొదలవుతాయి. ఆరాధన అయి, భోజనాలు కూడా చేసి కూర్చోవచ్చు. ఐదు సెట్లకు వెళ్లితే మాత్రం సాయంత్రపు కూటము వేళకు లేవవలసి ఉంటుంది.