ఉప్పల్, నాచారం ప్రాంతాలలో కిటికీల మార్పిడి

కిటికీల మార్పిడి అనగా నివాసమున్న ఇంటిలో పాత కిటికీ రెక్కలను గాని, చౌకట్టుతో సహా కిటికీ మొత్తాన్ని గాని తొలగించి, ఆ స్థానంలో కొత్తది అమర్చడం. హైదరాబాదు నగరపు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం పరిసరాలలో పాత ఇళ్ళలోను, తొలితరం అపార్ట్‌మెంట్లలోను ఈ పని తరచుగా జరుగుతూ ఉంటుంది. కొత్త కిటికీ వలన వానజల్లు, దుమ్ము, చప్పుడు తగ్గుతాయి. అయితే తలుపులా తెరచుకునే రెక్కల స్థానంలో పక్కకు జరిపే రెక్కలు పెట్టినపుడు గదిలోకి గాలి వచ్చే దారి దాదాపు సగానికి తగ్గుతుంది. కిటికీ బిగించిన తరువాత దీనిని సరిదిద్దడం కష్టం కనుక, రంగు, ధర చూడక ముందే ఈ లెక్క చూసుకోవడం అవసరం.

నేపథ్యం

ఉప్పల్, నాచారం ఒకప్పుడు నగరం వెలుపలి గ్రామాలు. నాచారంలో పారిశ్రామిక వాడ ఏర్పడటం, హబ్సిగూడ వైపు 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి సంస్థలు రావడంతో ఈ ప్రాంతంలో ఉద్యోగుల కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనమైంది. 2017 నవంబరులో నాగోలు - అమీర్‌పేట మెట్రో రైలు ఉప్పల్ మీదుగా మొదలైంది. వరంగల్ రహదారిపై రాకపోకలు కూడా బాగా పెరిగాయి. నిశ్శబ్దమైన వీధులలో కట్టుకున్న ఇళ్ళు ఈ విధంగా రద్దీ రహదారుల పక్కకు చేరాయి.

పాత ఇళ్ళలో ప్రధానంగా రెండు రకాల కిటికీలు కనిపిస్తాయి. మొదటిది టేకు, వేప, నల్లమద్ది వంటి కలపతో చేసిన చౌకట్టు, దానిలోనే దిగ్గొట్టిన ఇనుప చువ్వలు, బయటికి తెరచుకునే రెక్కలు గలది. రెండవది ఇనుప చట్రంలో అద్దాలు బిగించినది. రెండింటికీ అడుగున షాబాద్ బండ గట్టు, పైన సిమెంటు సజ్జ ఉండటం సాధారణం.

మార్చవలసిన అవసరం

పాత కిటికీలన్నీ మార్చవలసినవి కావు. వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయి, వేసవిలో మామూలుగా మూసుకునే రెక్కలను వడ్రంగి చిత్రిక పట్టి, బందులు మార్చి బాగుచేయగలడు. పగిలిన అద్దం, వదులైన గొళ్ళెం మరమ్మతు పనులే. కింది సందర్భాలలో మాత్రం మార్పిడి గురించి ఆలోచించవలసి ఉంటుంది.

- చౌకట్టు అడుగు కొయ్యలో స్క్రూడ్రైవరు మొన సులువుగా దిగినపుడు. ఇది కలప కుళ్ళిందనడానికి గాని, చెదలు తిన్నదనడానికి గాని గుర్తు.
- ఇనుప చట్రం తుప్పు పట్టి ఉబ్బడం వలన అద్దాలు తమంతట తామే పగులుతున్నపుడు.
- చౌకట్టు వంకరపోయి రెక్క నాలుగు మూలలా కూర్చోనపుడు.

గోడలో చెమ్మ కనిపించినపుడు కారణం కిటికీయేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి. సజ్జ పైభాగంలో పగులు ఉన్నా, గట్టు ఇంటి లోపలికి వాలి ఉన్నా నీరు కిటికీ చుట్టూనే కనిపిస్తుంది. అటువంటి ఇంటిలో ఎంత ఖరీదైన కిటికీ పెట్టినా చెమ్మ పోదు.

గాలి లెక్క

భారత జాతీయ భవన నియమావళి ప్రకారం గదిలోని కిటికీల వంటి రంధ్రాల వైశాల్యం, నేల వైశాల్యంలో పొడి వేడి వాతావరణంలో పదవ వంతుకు, తేమ వేడి వాతావరణంలో ఆరవ వంతుకు తగ్గకూడదు. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ 2018లో విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, హైదరాబాదు వంటి మిశ్రమ వాతావరణానికి తెరచుకునే వైశాల్యం 12.5 శాతం, అనగా ఎనిమిదవ వంతు ఉండాలని సూచించింది. ఇది కొత్తగా కట్టే పెద్ద నివాస భవనాలను ఉద్దేశించినది; పాత ఇంటికి కట్టుబాటు కాకపోయినా కొలబద్దగా పనికివస్తుంది.

ఉదాహరణకు 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల పడకగది వైశాల్యం 120 చదరపు అడుగులు. దీనికి 15 చదరపు అడుగుల తెరచుకునే కిటికీ కావాలి. ఆ గదికి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు గల ఒకే కిటికీ ఉన్నదనుకుంటే, పాత రెక్కలు పూర్తిగా తెరచినపుడు ఇంచుమించు 20 చదరపు అడుగుల దారి ఏర్పడుతుంది. దాని స్థానంలో రెండు గాడుల జరిపే కిటికీ పెడితే ఒక రెక్క ఎల్లప్పుడూ రెండవ దాని వెనుకనే ఉంటుంది కనుక 10 చదరపు అడుగులు మాత్రమే మిగులుతుంది. దోమల తెర ఉంటే ఆ దారిలో కూడా గాలి వేగం కొంత తగ్గుతుంది. రాత్రి వేళ చల్లగాలి మీద ఆధారపడే ఇంటిలో ఈ తేడా ఏప్రిల్, మే నెలలలో స్పష్టంగా తెలుస్తుంది.

మూడు గాడులలో మూడు అద్దపు రెక్కలు పెడితే మూడింట రెండు వంతులు తెరచుకుంటుంది. మూడవ గాడిలో దోమల తెర పెడితే మాత్రం సగమే. పూర్తి గాలి కావలసిన గదికి తలుపులా తెరచుకునే రెక్కలే మేలు. అవి బయటికి తెరచుకోవడానికి చోటు ఉన్నదా, గ్రిల్ అడ్డుపడుతున్నదా అన్నది చూసుకోవాలి.

స్నానాల గది వెంటిలేటరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గ్యాస్ గీజరు ఉన్న గదిలో గాజు పలకల వెంటిలేటరును తీసివేసి కదలని అద్దం బిగించడం ప్రాణాపాయం. గాలి చాలక గ్యాసు సరిగా మండనపుడు కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు, వాసన ఉండవు. అటువంటి గదిలో మూయడానికి వీలులేని గాలిదారి ఉంచాలి. గీజరును స్నానాల గది బయట అమర్చడం ఇంకా మంచిది.

ముడిపదార్థాలు

యూపీవీసీ: మెత్తబరచే రసాయనాలు కలపని పాలీవినైల్ క్లోరైడ్. చెదలు పట్టవు, తుప్పు పట్టదు, రంగు వేయనవసరం లేదు. మూలలను వేడితో అతికిస్తారు. బలం కోసం లోపల ఇనుప గొట్టం ఉంటుంది. ఈ గొట్టం మందం ఎంత, అన్ని వైపులా ఉన్నదా అని అడగడం అవసరం, ఎందుకనగా కిటికీ తయారైన తరువాత అది బయటికి కనిపించదు.

అల్యూమినియం: సన్నని చట్రంతోనే పెద్ద అద్దాన్ని మోయగలదు. అయితే యూపీవీసీతో పోల్చితే సుమారు వెయ్యి రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. పడమటి గోడలో దీని చట్రం మధ్యాహ్నం చేతికి వేడిగా తగులుతుంది.

కలప: మంచి టేకు చౌకట్టు దశాబ్దాల పాటు నిలుస్తుంది. పాత ఇంటి చౌకట్టు గట్టిగా ఉంటే దానిని ఉంచి రెక్కలు మాత్రమే మార్చడం చవకైన మార్గం. తీసివేసిన పాత టేకుకు కూడా మంచి ధర వస్తుంది కనుక అది ఎవరికి చెందుతుందో ముందే మాట్లాడుకోవాలి.

అద్దం

సాధారణ అద్దం పగిలినపుడు పదునైన పెంకులుగా విరుగుతుంది. గట్టిపరచిన టఫెన్డ్ అద్దం మొద్దు అంచులు గల చిన్న ముక్కలుగా రాలుతుంది. రెండు అద్దాల మధ్య పొర ఉన్న ల్యామినేటెడ్ అద్దం పగిలినా ఊడిపడదు. నేలకు దగ్గరగా ఉండే పెద్ద కిటికీలకు, పిల్లలు ఆడుకునే చోట్లకు ఈ రెండింటిలో ఒకటి వాడాలి. భవనాలలో వాడే భద్రతా అద్దాలకు భారతీయ ప్రమాణం ఐఎస్ 2553. ఆ ముద్ర అద్దం మూలలో కనిపిస్తుంది. గట్టిపరచిన అద్దాన్ని తరువాత కోయడం సాధ్యం కాదు. అందువలన కొలత తప్పితే మరల కొత్త అద్దం రావలసిందే.

చప్పుడు తగ్గాలన్న కోరికతో జంట అద్దాలను ఎంచుకునేవారు ఒక విషయం గమనించాలి. గాలి దూరే సందు ఎక్కడ ఉంటే చప్పుడు అక్కడి నుండి వస్తుంది. జరిపే రెక్కల నడుమ సందులు ఉండక తప్పదు కనుక, రహదారి వైపు గదికి రబ్బరు పట్టీకి బిగుతుగా అదిమి మూసుకునే రెక్కలు ఎక్కువ ఫలితమిస్తాయి. ఈ ప్రయోజనం కిటికీ మూసి ఉన్నంతసేపే ఉంటుంది. ఎండ విషయంలో కూడా అద్దం ఒక్కటే చాలదు. సజ్జ నడినెత్తి ఎండను ఆపగలదు గాని సాయంత్రం వాలుగా వచ్చే పడమటి ఎండను ఆపలేదు. దానికి బయటి వైపు తడక, చెట్టు, లేదా వేడిని తిప్పికొట్టే అద్దం అవసరం.

కొలతలు, ఒప్పందం

ప్రతి కిటికీని వెడల్పులో మూడు చోట్ల, ఎత్తులో మూడు చోట్ల, మూల నుండి మూలకు రెండు వైపులా కొలవాలి. పాత గోడలు సూటిగా ఉండవు కనుక అన్నింటికన్నా చిన్న కొలతనే ప్రమాణంగా తీసుకుంటారు. కొలతలు తీసుకున్న తరువాత తయారీకి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది.

ధర చదరపు అడుగుకు చెబుతారు. వెంటిలేటరు వంటి చిన్న కిటికీలకు కొందరు అసలు వైశాల్యం కాక ఒక కనీస వైశాల్యాన్ని లెక్కిస్తారు. కింది అంశాలు ధరలో చేరి ఉన్నాయా లేదా అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

- అద్దం రకం, మందం
- దోమల తెర, గొళ్ళాలు, తాళం
- పాత కిటికీ తొలగింపు, చెత్త తరలింపు
- గోడ అంచులకు గిలాబు, లప్పం, రంగు
- గ్రిల్
- రవాణా, జీఎస్టీ
- హామీ కాలం, ఆ హామీ ఇచ్చేది చట్రం తయారీదారా, బిగించినవారా అన్న వివరం

మొత్తం సొమ్ము ముందుగా ఇవ్వకుండా, వాన పరీక్ష జరిగే వరకు కొంత భాగం నిలిపి ఉంచుకునేలా ఒప్పందం చేసుకోవడం మంచిది.

పని జరిగే విధానం

మార్పిడి మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది రెక్కలు మాత్రమే మార్చడం. రెండవది పాత చౌకట్టు లోపలే కొత్త చట్రం బిగించడం. దీనిలో గోడ పగలగొట్టనవసరం లేదు గాని కిటికీ అన్ని వైపులా కొంత కుదించుకుపోతుంది. మూడవది చౌకట్టును పూర్తిగా తీసివేయడం. పాత చౌకట్టు గోడలో నాటిన ఇనుప పట్టీలతో పట్టి ఉంటుంది కనుక, దానిని కోసి తీసేటపుడు చుట్టూ గిలాబు రాలుతుంది. ఇది జరగక మానదు. గోడ బాగుచేసే మేస్త్రీ, రంగు వేసేవారు వేరుగా రావలసి ఉంటుంది.

కొత్త చట్రాన్ని నీటిమట్టం, తూకపు గుండుతో సరిచూసి మరలతో బిగిస్తారు. గోడకు, చట్రానికి నడుమ సందును ఫోముతో నింపి, బయటి అంచున సిలికాన్ పూస్తారు. ఫోము ఎండకు పొడిబారుతుంది కనుక దానిని తెరిచి వదలకూడదు. చట్రం అడుగున నీరు బయటికి పోయే రంధ్రాలు ఉంటాయి. రంగు, సిమెంటు పనివారు వీటిని తెలియక మూసివేయడం తరచుగా జరిగే పొరపాటు.

పనిని ఒక్కొక్క గదిగా చేయించుకోవడం మేలు. చువ్వలు చౌకట్టులోనే ఉన్న ఇళ్ళలో చౌకట్టు తీసిన క్షణం నుండి ఆ గదికి రక్షణ ఉండదు. ఆ రోజు చీకటి పడే లోపు కొత్త కిటికీ, గ్రిల్ రెండూ బిగించగలరా అని ముందే నిర్ధారించుకోవాలి. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలంలో గోడ తెరిచి ఉంచడం కష్టం. ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలమైనవి.

పాత రంగు వలన ప్రమాదం

ఇళ్ళకు వాడే రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన భారతదేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు కిటికీలకు వేసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. పాత రంగును పొడిగా గీకినా, కాల్చినా వెలువడే ధూళి, పొగ చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తాయి. గర్భిణులను, పిల్లలను ఆ రోజు ఇంటిలో ఉంచకూడదు. తడిపి గీకడం, నేల మీద పట్టా పరచడం, పని ముగిశాక చీపురుతో కాక తడిగుడ్డతో తుడవడం అవసరం.

గ్రిల్, అగ్నిప్రమాదం

దొంగల భయంతో ప్రతి కిటికీకి కదలని గ్రిల్ బిగించడం ఈ ప్రాంతంలో సాధారణం. తలుపు దగ్గర మంటలు లేచినపుడు ఇంటిలోనివారికి బయటపడే దారి ఉండదు. అందుచేత ప్రతి అంతస్తులో కనీసం ఒక కిటికీకి లోపలి నుండి తెరచుకునే గ్రిల్ ఉండాలి. దాని తాళపుచెవి బయటి చేతికి అందకుండా, ఇంటిలో అందరికీ తెలిసిన చోట ఉంచాలి.

అనుమతులు, వ్యర్థాలు

ఉన్న రంధ్రంలోనే కిటికీ మార్చడం మరమ్మతు కిందికి వస్తుంది. రంధ్రాన్ని వెడల్పు చేయడం, సజ్జను తొలగించడం, బాల్కనీని మూసివేయడం వేరు. వాటికి ముందు ఇంజనీరును, నగరపాలక సంస్థను సంప్రదించాలి. అపార్ట్‌మెంటులో బయటి రూపం అందరికీ చెందినది కనుక చట్రం రంగు, గ్రిల్ నమూనా విషయంలో యజమానుల సంఘం అంగీకారం రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. కూల్చిన గోడ శిథిలాలను నాలాలలో, చెరువు గట్ల మీద వేయరాదు. నగరంలో నిర్మాణ వ్యర్థాల పునర్వినియోగానికి జీడిమెట్ల, ఫతుల్లగూడలలో కేంద్రాలు ఏర్పాటయ్యాయి.

పరీక్ష, ఫిర్యాదు

పని పూర్తయిన తరువాత కిటికీ మూసి, బయటి నుండి గొట్టంతో కొన్ని నిమిషాల పాటు నీరు కొట్టి చూడాలి. గాడిలో నీరు చేరినా రంధ్రాల గుండా బయటికి పోతే అది లోపం కాదు. గట్టు మీదికి, గోడలోకి నీరు వస్తే లోపమే. ప్రతి రెక్కను వేలితో జరపగలగాలి. దోమల తెర అంచుల్లో వెలుతురు కనిపించరాదు.

లోపాన్ని సరిచేయడానికి బిగించినవారు నిరాకరిస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుండి 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు దాఖలు కావాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. జాతీయ సహాయ సంఖ్య 1915. బిల్లు, రాతపూర్వక ఒప్పందం, పనికి ముందూ తరువాతా తీసిన ఫోటోలు ఇందుకు ముఖ్యమైన ఆధారాలు.

ఇవి కూడా చూడండి

- కిటికీ
- ఉప్పల్
- నాచారం
- టేకు