దత్తమండలములు - రైతువారీ పరిభాష

ధర్మవరమునకు సమీపమునఁ గల బత్తలపల్లి మొదలగు గ్రామములలో కాఁపులు నేఁటికిని పట్టా, అడంగలు, జమాబందీ అను మాటలను వాడుచున్నారు. వీనిలోఁ గొన్ని యాంగ్లేయులకుఁ బూర్వమే వాడుకలో నుండెను. అయినను వాని యర్థము 1800 తరువాత మిక్కిలి మాఱినది. ఈ మార్పు నెఱుఁగక పూర్వపు శాసనములను, కైఫీయతులను చదువునెడల, తరువాతివారి భావములను పూర్వుల కంటగట్టుట సంభవించును.

టిప్పూసుల్తానుతో జరిగిన యుద్ధముల ఫలముగా 1792, 1799 సంవత్సరములలోఁ దనకు లభించిన ప్రదేశములను నిజాము, కుంపిణీసైన్యపు వ్యయమునకు బదులుగా, 1800 అక్టోబరు 12వ తేది సంధిచే కుంపిణీవారికిచ్చెను. బళ్లారి, అనంతపురము, కడప సీమలు అందులోనివి. ఇచ్చినవాఁడు నిజాము, పుచ్చుకొన్నది కుంపిణీ. ప్రజల నడిగినవారు లేరు. 'దత్తమండలము'లను పేరున నీ చరిత్ర యంతయు నిమిడియున్నది. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' యను పేరును సూచించుటకుఁ గారణము నిదియే.

ఈ మండలములకు 1800 మొదలు 1807 వఱకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా నుండెను. అతఁడు మొదట సైన్యబలముచే పాళెగాండ్ర నణఁచెను. పిమ్మట 1802లో భూమి కొలత నారంభించెను. గొలుసు పొడవు 33 అడుగులు; ఆ గొలుసుతోఁ గొలిచిన చదరములు 40 చేరిన నొక యెకరము. వంగదేశమున 1793లో జమీందారులతో శాశ్వతమైన యేర్పాటు జరిగెను. ఇచట నట్లుగాక, ప్రతి పొలమును కొలిచి, దాని తరమును నిర్ణయించి, దున్నువానితోనే శిస్తు పరిష్కరించుట రైతువారీపద్ధతి. అంతకుముందు గ్రామము మొత్తముమీఁద రెడ్డి దివాణముతో మాటలాడుకొనుట సామాన్యము. ఇప్పుడు దివాణము ప్రతి చేనిగట్టునకును వచ్చినది.

కాని యీ పని నెఱవేర్చినది పరదేశీయులు కారు. కరణముల కవిలెకట్టలే దీనికి మూలాధారము. తరముల నిర్ణయమునందు రెడ్లును, కరణములును, కాఁపులును పాల్గొనిరి. పాత్ర పాతది, అందలి ద్రవ్యము క్రొత్తది.

మాటల చరిత్రయు నట్టిదే. 'రైతు' అరబ్బీ శబ్దభవము. కాపాడఁబడు మంద, ఏలుబడిలోని ప్రజ యని దాని పూర్వార్థము. క్రమముగా నది సేద్యగాని కే చెల్లినది. 'పట్ట'శబ్దమునకు సంస్కృతమున వస్త్రము, పలక, రాజపత్రము అను నర్థములు కలవు. రైతువారీలో పట్టా యనఁగా నాయేఁటి శిస్తును దెలుపు చీటి. నేఁడది భూస్వామ్యమునకు నిదర్శనము. చెల్లింపవలసిన ఋణమును దెలుపు పత్రమే హక్కును దెలుపు పత్రమైనది. 'కలెక్టరు' అనఁగా వసూలు చేయువాఁడు; 1816 నాఁటి చట్టములచే నతనికి మేజిస్ట్రేటు అధికారమును, గ్రామపెద్దకు మునసబు పదవియు లభించెను.

ఈ పద్ధతి పేరున రైతు కలఁడు గాని, శిస్తు తేలిక కాలేదు. మొదటి నిర్ణయము పంటలో నూటికి 45 పాళ్లవఱకు నుండెను. దానిని నాలుగవవంతు తగ్గింపవలెనని మన్రో 1807లో వ్రాసెను. పైవా రంగీకరింపక, గ్రామములను మొదట మూఁడేండ్లకును, పిదపఁ బదియేండ్లకును గుత్త కిచ్చిరి. అతఁడు 1820లో మద్రాసు గవర్నరైన తరువాతనే రైతువారీ స్థిరపడి, తగ్గింపు నమలులోనికి వచ్చెను. 1827 జూలైలో పత్తికొండయందు విషూచిచే మరణించెను. ఈ సీమలో బిడ్డలకు 'మన్రోలప్ప' యని పేరిడుట యుండెడిది. అధికముగా విధించిన చేతినే, తగ్గించిన చేయిగాఁ బ్రజలు స్మరించిరి.

దేశీయుల పాతవ్యవస్థ ద్వారమున నేలుట యాంగ్లేయు లన్యత్రయు నవలంబించిన మార్గమే. 1900 తరువాత ఉత్తర నైజీరియాలో లుగార్డు అచటి ఎమీరుల ద్వారమునఁ బాలించెను. అచట ప్రభువులను నిలిపిరి; ఇచట పాళెగాండ్రను తొలఁగించి, లెక్కలు వ్రాయువారిని నిలిపిరి. అందుచే నిచటి పాలనముద్ర కోటలయందుఁ గాక లెక్కలయందు నిలిచినది.

వంశపారంపర్యమైన కరణ మునసబు పదవులు 1984లో రద్దయినవి. 1985లో తాలూకాల స్థానమున మండలము లేర్పడినవి. 2022లో బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోఁ జేరెను. అయినను జిల్లాకు కలెక్టరే యధిపతి. పొలమునకు సర్వే నెంబరే గుర్తు. కావున శాసనమునఁ గరణము కనఁబడినపుడు గ్రామమునకుఁ జెందిన లేఖకునిఁ దలఁపవలెను గాని, జమాబందీ కచ్చేరిలోని యుద్యోగిని గాదు. పాఠశాలలలో నీ భేదము చూపినచో, పల్లెబాలురకుఁ దమ యింటి పెట్టెలోని పాత పట్టాయే చరిత్రపాఠ మగును.